‘నాకు చెప్పకుండ నా నడుము సంగతి ఎందుకు చెప్పినవ్ బిడ్డా?’

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె నుంచి వచ్చి, హైదరాబాద్‌లో ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక చెల్లె పెద్ద ఉత్తరం రాసింది. వయసు ఇరవై ఏడు, థీసిస్ మూడో ఏడాదిలో ఉంది. ఎవరో పోల్చుకునే వివరాలు తీసేసి అసలు సంగతి చెప్తాను.

వాళ్ళ నాయిన గీత కార్మికుడు. ఫ్లోరైడ్ నీళ్ళకు నడుము వంగి, మోకాళ్ళు బిగుసుకుపోయి, నలభై నిండకముందే తాటిచెట్టు ఎక్కడం మానేశాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. అమ్మ పత్తి ఏరడానికి, నాట్లకు కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని చదివించింది. చెల్లె థీసిస్ ‘ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్’ మీద. ఒక మనిషికి ఏదైనా తెలిసి ఉంటుందని, ఆ మాట వినదగిందని లెక్కచేయకపోవడం కూడా ఒక అన్యాయమే అనే ఆలోచన అది. నిరుడు వాళ్ళ గైడ్ మేడమ్ ‘మీ నాన్నగారి కథ పెట్టు, మిగతా స్కాలర్ల దగ్గర లేనిది నీ దగ్గరున్నది అదే’ అన్నదట. పెట్టింది. సెమినార్‌లో చదివితే ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. బయటి దేశంలో ఒక కాన్ఫరెన్స్‌కు పేపర్ ఎంపికైంది. దసరాకు ఇంటికి పోయి ఆ సంబురమంతా నాయినకు చెప్పింది.

‘చాలాసేపు ఏం మాట్లాడలేదక్కా. తర్వాత, నాకు చెప్పకుండ నా నడుము సంగతి వాళ్ళకెందుకు చెప్పినవ్ బిడ్డా అన్నడు. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ నేను ఇంట్లో ఉన్న నాలుగు రోజులు నేను చూస్తుండగా లేచి నడవలేదు’ అని రాసింది.

దీని మీద ఇంకో మూడు మాటలు కూడా ఆమెను తినేస్తున్నాయి. డిపార్ట్‌మెంట్‌లో ఇంకో ప్రొఫెసర్ ‘ఇది సోషియాలజీ, ఇందులో ఫిలాసఫీ వాదం ఏది?’ అన్నాడు. హాస్టల్ ఫ్రెండ్ ‘నువ్విప్పుడు వాళ్ళలో మనిషివి కాదు, వాళ్ళ తరఫున మాట్లాడే హక్కు నీకెక్కడిది?’ అన్నది. అన్న అయితే ‘నెలకు ఎనిమిది వేల ఫెలోషిప్‌తో ఇంకెన్నేళ్ళు, గ్రూప్స్‌కు చదువుకో’ అంటున్నాడు. నాయిన కథ ఉంచాలా, తీసేయాలా, మొత్తానికే మానుకోవాలా అని ఆమె ప్రశ్న. ఉత్తరం చివర, సంతకం పెట్టాక, ఇంకో లైను ఉంది: ‘నా పళ్ళకు కూడా గార ఉందక్కా, నలుగురిలో నవ్వాలంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటా.’

చెల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను చదివినంతలో, మీ నాయిన అడిగింది ఒకటి, నువ్వు విన్నది ఇంకొకటి. ఆయన అడిగింది ‘నాకు చెప్పకుండ ఎందుకు చెప్పినవ్’ అని. నీకు వినిపించింది ‘నా గురించి చెప్పే హక్కు నీకు లేదు’ అని. ఈ రెండో మాట ఆయన అనలేదు, అన్నది నీ ఫ్రెండ్. ఆ అమ్మాయి ప్రశ్నను నాయిన నోట్లో పెట్టుకుని, దానికి జవాబు దొరక్క నిద్ర పాడుచేసుకుంటున్నావు. కాబట్టి ఈ రెండింటినీ ముందు విడదీసుకుందాం.

ఫ్రెండ్ అడిగిన ప్రశ్న చిన్నదేం కాదు. అణగారినవాళ్ళు తమ మాట తాము చెప్పుకోగలరా, చెప్పినా అది వినబడే ఏర్పాటు ఉందా అని గాయత్రీ స్పివాక్ 1988లో అడిగినప్పటి నుంచి ఆ చర్చ ఆగలేదు. తర్వాత లిండా ఆల్కాఫ్ ఇతరుల తరఫున మాట్లాడటంలోని ప్రమాదాలన్నీ లెక్కపెట్టింది, కానీ అక్కడే ఇంకో మాట కూడా చెప్పింది. ‘నాకు హక్కు లేదు కాబట్టి నోరు మూసుకుంటా’ అని పక్కకు తప్పుకోవడం కూడా ఒక పనే, దానికీ ఫలితాలుంటాయి, బాధ్యత నుంచి అది మనల్ని తప్పించదు. నేను ఆల్కాఫ్ వైపే. నువ్వు తప్పుకుంటే ఆ సెమినార్ హాల్లో నల్గొండ ఫ్లోరైడ్ గురించి మాట్లాడేది ఎవరు? ఎవరూ మాట్లాడరు, లేదా రెండు రోజులు కారులో వచ్చి చూసిపోయినవాళ్ళు మాట్లాడతారు. మీ ఇంటికి అట్లాంటివాళ్ళు చాలామంది వచ్చారని, ఫోటోలు తీసుకున్నారని నువ్వే రాశావు.

నాయిన ప్రశ్న దీనికంటే చాలా సూటిది, దానికి జవాబు నీ థీసిస్‌లోనే ఉంది. ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్ గురించి మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకం మీదనే కదా నువ్వు పనిచేస్తున్నది. అందులో ఆమె ఎడ్వర్డ్ క్రెయిగ్ అనే తాత్వికుడి దగ్గర నుంచి తీసుకున్న ఒక తేడా ఉంది, నీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. ఒక మనిషి మనకు సంగతి చెప్పడం వేరు, ఆ మనిషి నుంచి మనం సంగతి రాబట్టుకోవడం వేరు. వేపచెట్టు మోడు మీద వలయాలు లెక్కపెడితే దాని వయసు తెలుస్తుంది, కానీ చెట్టు మనకేం చెప్పలేదు, మనమే తీసుకున్నాం. మనిషిని ఎప్పుడూ ఆ చెట్టులాగే చూస్తూ, చెప్పగలిగేవాడిగా ఎన్నడూ చూడకపోతే, అది ఆ మనిషిని వస్తువుగా మార్చడమే అంటుంది ఫ్రికర్.

ఇప్పుడు మీ నాయిన వైపు నుంచి చూడు. ఇన్నేళ్ళలో ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళు ఎక్స్‌రే తీసుకున్నారు, బోరు నీళ్ళు సీసాలో పట్టుకుపోయారు, వంగిన నడుమును పక్క నుంచి ఫోటో తీసుకున్నారు. ఆయనకు ఏం తెలుసో కూర్చుని అడిగినవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆఖరుకు కూతురు కూడా అదే చేసింది. నీ పేపర్ కూడా పంపావు కాబట్టి చదివాను. నాయిన గురించి పదకొండు పేజీలున్నాయి, వాటిలో నాయిన మాట్లాడిన వాక్యం ఒక్కటీ లేదు. నిన్ను నొప్పించడానికి చెప్పట్లేదు తల్లీ. ఇది నీ మనసు చెడ్డదై జరిగింది కాదు, అలవాటుగా జరిగింది, యూనివర్సిటీలో మనకు రాయడం నేర్పించే పద్ధతే అట్లా ఉంది.

గైడ్ మేడమ్ మాటను కూడా కొంచెం అనుమానంగానే చూడమంటాను. ఆమె నీ మంచికే చెప్పి ఉంటుంది. అయినా ‘మిగతావాళ్ళ దగ్గర లేనిది నీ దగ్గరున్నది అదే’ అనే మాటలో ఒక పని పంపకం ఉంది చూశావా? సిటీ పిల్లలు కాంట్, రాల్స్ లాంటి తాత్వికుల మీద రాస్తారు, పల్లె నుంచి వచ్చిన పిల్ల తన ఇంటి బాధ తెచ్చిపెడుతుంది. గోపాల్ గురు 2002లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం సరిగ్గా ఈ పంపకం గురించే. మన దేశంలో సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చెప్పే బ్రాహ్మణులు, వివరాలు అందించే శూద్రులు అని రెండు వర్గాలు ఏర్పడ్డాయన్నాడు. దళితులు, బహుజనులు అనుభవం చెప్పి ఊరుకోకూడదు, సిద్ధాంతం చేసే పనిలోకి దిగాలని ఆయన వాదన. నాకు దీనికి మన జిల్లాలోనే ఒక గుర్తు కనిపిస్తుంది. నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా పోయింది. మన ఊరి పేరు జబ్బుకూ దాని విరుగుడుకూ గుర్తుగా ప్రపంచమంతా తిరిగింది, మన ఊరివాళ్ళ ఆలోచన మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ పని నువ్వు చేయగలవు అని నా ఆశ.

అందుకే ‘వాదం ఏది’ అన్న ప్రొఫెసర్‌ను శత్రువుగా చూడకు. అడిగిన తీరు మొరటుగా ఉండొచ్చు, అడిగింది మాత్రం నీకు పనికొచ్చేదే. నీ పేపర్‌లో ‘ఫ్లోరైడ్ బాధితులు హెర్మెన్యూటికల్ ఇన్‌జస్టిస్‌కు గురయ్యారు’ అని ఒకే వాక్యంలో తేల్చేశావు, అంటే తమ బాధను అర్థం చేసుకునే మాటలే వాళ్ళకు లేకుండా పోయాయని. లైంగిక వేధింపు అనే పేరు పుట్టకముందు ఆడవాళ్ళు దాన్ని చెప్పుకోలేకపోయినట్టు. కానీ ఇది అట్లా సరిపోతుందా? ఫ్రికరే ఒకచోట అంటుంది, ఒక జబ్బు గురించి ఆ కాలంలో ఇంకా ఎవరికీ తెలియకపోతే అది దురదృష్టం, అన్యాయం కాదు అని. మన దగ్గర ఎప్పుడు తెలిసింది మరి? మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బును 1937లోనే గుర్తించారు. హైదరాబాద్ సంస్థానంలోనూ ఉందని 1945లో వైద్య పత్రికలో అచ్చయింది. అంటే మీ నాయిన పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే తెలిసిన సంగతి. నీళ్ళకు రుచి తేడా ఉండదు, రంగు తేడా ఉండదు, అందుకని ఊళ్ళో తాగేవాళ్ళకు తెలియలేదు. తెలిసినవాళ్ళు వేరేచోట ఉన్నారు. ఆ తెలిసింది ఊరి దాకా నడిచి రాలేదు. ఇది దురదృష్టమా, అన్యాయమా, అన్యాయమైతే ఏ రకం? ఇక్కడ నీకు ఒక నిజమైన ఫిలాసఫీ ప్రశ్న ఉంది.

ఇంకా ముందుకు రా. తర్వాత ఊళ్ళకు కూడా తెలిసింది. ఫ్లోరైడ్ అనే మాట చదువురాని ముసలమ్మ నోట్లో కూడా నలిగింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, నీళ్ళ కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపుతో మన జిల్లా జనం నామినేషన్లు వేస్తే నల్గొండ సీటుకు 480 మంది పోటీలో నిలిచారు, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. వాళ్ళు గెలవడానికి నిలబడలేదు, ఢిల్లీకి వినబడటానికి నిలబడ్డారు. మాట లేనివాళ్ళు చేసే పని కాదది. ఇంటింటికీ నల్లా పెడతామన్న మిషన్ భగీరథ మొదలైంది 2016లో, అంటే ఆ ఎన్నికలైన ఇరవై ఏళ్ళకు. ఈ ఇరవై ఏళ్ళను ‘వాళ్ళకు మాటలు లేవు’ అనే సిద్ధాంతం వివరించలేదు. అవతలివాళ్ళు కావాలని ఆ మాటల్ని నేర్చుకోకపోవడం గురించి గెయిల్ పోల్‌హాస్ 2012లో రాసింది, నీకు దగ్గరగా ఉండేది అది. దాన్ని కూడా ఒప్పుకోకుండా నల్గొండ నుంచి ఇంకొకటి చెప్పొచ్చేమో చూడు. ఆ ప్రొఫెసర్ అడిగిన వాదం ఇక్కడి నుంచి మొదలవుతుంది, దీనికి మీ నాయిన నడుము అక్కర్లేదు కూడా.

ఇక ఏం చేయాలి అంటే, నీ ముందు ఒకటి కాదు, కొన్ని దారులున్నాయి.

నాయిన కథ పూర్తిగా తీసేసి పైన చెప్పిన వాదంతో పేపర్ మళ్ళీ రాయడం ఒకటి. పేపర్ గట్టిపడుతుంది, ఇంట్లో మాట నిలబడుతుంది. గైడ్ మేడమ్‌కు నచ్చకపోవచ్చు, కాన్ఫరెన్స్‌వాళ్ళకు సారాంశం మారిందని రాయాల్సి వస్తుంది. చాలామంది రాస్తారు, అదేం పెద్ద నేరం కాదు. పోయేది ఏంటంటే, నిన్ను ఈ ప్రశ్న దాకా తెచ్చిన మనిషి ఆ పేపర్‌లో ఎక్కడా ఉండడు. ఏడాదికో రెండేళ్ళకో అది నిన్ను బాధపెట్టొచ్చు.

ఆయన్ను అడిగి, ఒప్పుకుంటే ఉంచడం ఇంకొకటి. కానీ అడగడం అంటే సంతకం పెట్టించుకోవడం కాదు చెల్లీ. ఎథిక్స్ ఫారం అనే ఒప్పుకోలు కాగితం మీద మీ నాయిన వేలిముద్ర కూడా వేస్తాడు, బిడ్డ చదువు ఆగొద్దని. మీ అమ్మ అప్పుడే ‘ఆయన అట్లనే అంటడు, నువ్వు రాసుకో’ అన్నది కదా. ఆ ఒప్పుకోలు నీకు కావాల్సింది కాదు. పదకొండు పేజీలు కూర్చుని తెలుగులోకి, మీ ఇంటి మాటలోకి మార్చి, ఆయనకు చదివి వినిపించు. ఎక్కడ తప్పు రాశావో చెప్పమను, ఏది తీసేయాలో చెప్పమను. కొట్టేసే పెన్ను ఆయన చేతిలో ఉండాలి. దీనికి చాలా రోజులు పడుతుంది. ఆయన మొత్తం వద్దన్నా ఆశ్చర్యపోకు, ముందే దానికి సిద్ధపడే చదవాలి, ‘ఎట్లాగూ ఒప్పుకుంటాడు’ అని మనసులో పెట్టుకుని చదివితే ఆయనకు తెలిసిపోతుంది. ఒప్పుకుంటే మాత్రం ఆ పేపర్‌లో ఆయన మాట్లాడతాడు. అప్పుడది వేరే పేపరే అవుతుంది. పేరు మారుస్తాలే అనే ఆలోచన మాత్రం పెట్టుకోకు. పేపర్ మీద నీ పేరుంటుంది, నీ తండ్రి ఎవరో మీ మండలమంతా తెలుసు.

మూడో దారి గురించి నువ్వే రాశావు, సంతకం కింద, దాచినట్టుగా. నీ పళ్ళ మీది ఫ్లోరైడ్ గార. నాయిన నడుము పదకొండు పేజీలు రాశావు, నీ నోరు ఒక లైను, అదీ నాకు మాత్రమే. ఎందుకు అని నిన్ను నువ్వు అడుక్కున్నావా? సుందర్ సరుక్కై, గోపాల్ గురుతో కలిసి 2012లో వేసిన పుస్తకంలో అంటాడు, బతికిన అనుభవం అంటే దాన్ని వదిలి పోయే స్వేచ్ఛ లేకపోవడం అని. నీ ఫ్రెండ్ నిన్ను ‘వాళ్ళలో మనిషివి కాదు’ అన్నది కదా, మరి నువ్వు ఆ గారను హాస్టల్‌లో వదిలేసి ఎక్కడికి పోతావు? నీ గురించి నువ్వు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ తేలిక అని అనట్లేదు. పేరు తెలియని మనుషులు నీ నోటి వైపు చూస్తారు, నువ్వు మాట్లాడుతుంటే పళ్ళు చూస్తారు. నాయినకు ఏమనిపించిందో అప్పుడు నీకు ఒళ్ళంతా తెలుస్తుంది. వద్దనిపిస్తే వద్దు, సగంలో ఆపినా తప్పులేదు. రాయకపోయినా పర్వాలేదు, ఒక్కసారి ఆ పేజీ నీ కోసం రాసి చూసి, తర్వాత నాయిన పేజీలు మళ్ళీ చదువు. ఏ వాక్యాలు తీసేయాలో ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు.

అన్న మాట సంగతి. ఆయన్ను తప్పుపట్టలేను. మన జిల్లాల్లో డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ సబ్జెక్టు కనబడటమే అరుదు, పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగం దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. గ్రూప్స్ రాయాలనిపిస్తే రాయి, అందులో ఓటమి ఏమీ లేదు. మానేయడం కూడా ఒక దారే. కానీ నాయిన ముఖం చూడలేక మానేస్తే, అది డబ్బు లెక్క కాదు, తప్పించుకోవడం, ఆ ఉద్యోగంలో కూడా ఈ బరువు నీ వెంట వస్తుంది. లెక్క వేరుగా వేసుకో. నీకొచ్చేది యూజీసీ నాన్-నెట్, అంటే నెట్ పరీక్ష పాసవకపోయినా ఇచ్చే ఫెలోషిప్, 8,000. నెట్‌లో జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే నెలకు 37,000. ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నా రాయొచ్చు, జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి ముప్పై, ఆడవాళ్ళకు ఇంకో అయిదేళ్ళ సడలింపు ఉంది. నెట్ ఎందుకు రాయలేదో నీ ఉత్తరంలో లేదు. వచ్చే నోటిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టు, అన్నకు కూడా చూపించు, ఇంట్లో సగం టెన్షన్ దానితోనే తగ్గుతుంది.

ఆయన నాలుగు రోజులు నీ ముందు లేచి నడవలేదన్నావు. దాన్ని నువ్వు కోపం అనుకున్నావు. నాకు అట్లా అనిపించలేదు. క్రిస్టీ డాట్సన్ 2011లో ఒకటి చెప్పింది, అవతలివాళ్ళు అర్థం చేసుకోలేరని అనిపించినప్పుడు మనిషి తన మాటను తానే లోపల నొక్కేసుకుంటాడు అని. మీ నాయిన ఒక ప్రశ్న అడిగి చూశాడు, నువ్వు ఏడ్చానని రాశావు, ఏడ్చే బిడ్డకు ఇంక చెప్పి లాభం లేదని ఆపేశాడు. నేననుకున్నది తప్పు కావొచ్చు, ఆయన్ను నేను చూడలేదు. తెలుసుకోవాల్సింది నువ్వే.

కాన్ఫరెన్స్‌కు చివరి పేపర్ పంపడానికి ఇంకా ఆరు వారాలుందని రాశావు. ఈ దారుల్లో ఏది పట్టుకున్నా ముందు ఒకసారి ఇంటికి పో. ఈసారి ల్యాప్‌టాప్ వద్దు, పేపర్ ప్రింటు వద్దు. ఫోన్ సంచిలో పెట్టెయ్, రికార్డు చేయకు. ముందు ఆయన ప్రశ్నకు జవాబు చెప్పు, ‘నిన్ను అడగాల్సింది నాయినా, అడగలే, తప్పయింది’ అని, ఏడుపు లేకుండా. తర్వాత ఆయనకు బాగా తెలిసింది అడుగు. ఏ చెట్టు ఎట్లా పారేది, మోకు ఎట్లా పట్టేవాడు, ఆఖరుసారి తాడెక్కి దిగిన పొద్దున ఏమనుకున్నాడు. జబ్బు గురించి ఆయనగా ఎత్తితే విను, ఎత్తకపోతే ఊరుకో. ఒకవేళ చెప్పి, ‘ఇది ఎవ్వరికి చెప్పకు’ అంటే, తర్వాత నాకు రాసే ఉత్తరంలో కూడా అది రాయకు.